అయిదున్నర నిమిషాలు

కొలిచే ముందు కడగాలి. ఆ పరీక్షగదిలో కొత్తగా చేరిన ఎవరికైనా తక్కెడ మొదటిరోజే చెప్పే మాట అది. కడగడమంటే నీళ్ళూ సబ్బూ కాదు. కంప్యూటర్‌లో సమాచారం దాచే డిస్కు రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండని పలక. దాన్ని పరీక్షపెట్టెలో బిగించి వరసగా మూడు మీటలు నొక్కితే లోపలున్నదంతా చెరిగిపోయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజులా ఖాళీ అవుతుంది. తర్వాత పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఆ తర్వాతే పరుగు. ఒక్క నిమిషం ఆగకుండా రాయించే పరుగు, దానికి ఒక్క అంకె. ఎవరైనా తొందరపడితే, ఎంగిలి గిన్నెతో పాలు కొలుస్తామా అని అడిగేది ఆమె.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. పదహారేళ్ళ కిందట ఎవరో తక్కెడ అన్నారు, అదే ఉండిపోయింది. పైవాళ్ళు తక్కెడమ్మ అంటారు, చిన్నవాళ్ళు తక్కెడక్క అంటారు. ఆ పేరు వింటే పైకి మూతి ముడుస్తుంది గాని లోపల ఆమెకు గర్వమే. ఆమె కొలిచి రాసిన అంకెను మళ్ళీ కొలవాల్సిన అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు.

సోమవారం పొద్దున మేనేజరు తానే ఆ గదికి వచ్చాడు. మామూలుగా ఆయన పిలిపిస్తాడు, రాడు. వెనకాల కంపెనీ వకీలు, ఆయన చేతిలో ఒక డిస్కు అట్టపెట్టె.

"ఒక వీడియో ఆయన మనమీద కేసు వేశాడమ్మా," అన్నాడు మేనేజరు. "మన డిస్కు చెప్పినంత వేగంగా పనిచెయ్యలేదట. రేపు వినియోగదారుల కమిషన్ ముందు దాన్ని కొలిచి చూపించాలి. మీకంటే నమ్మకమైన మనిషి ఎవరున్నారు?"

"కోర్టులో నేనేం మాట్లాడతాను సార్?"

"మాట్లాడటానికి నేనున్నాగా," అన్నాడు వకీలు. "మీరు కొలవండి, చాలు. రోజూ ఎలా చేస్తారో అలాగే. అడిగినదానికి జవాబు. అడగనిదానికి దగ్గు కూడా వద్దు."

ఆమె అట్టపెట్టె అందుకుని చూసింది. పైన పెద్ద అక్షరాల్లో 'సెకనుకు 3000 మెగాబైట్లు' అని ఉంది. అది ఆమె అంకే. దాని కింద ఎర్రటి పట్టీలో 'డిస్కు మొత్తం అయిదున్నర నిమిషాల్లో నింపేయండి!' అని ఉంది. ఆ మాట ఆమె ఎప్పుడూ కొలవలేదు.

"ఈ రెండోది ఎవరు కొలిచారు సార్?"

"కొలవడమెందుకు?" అన్నాడు మేనేజరు. "ప్రచారం వాళ్ళు మీ అంకెతో భాగించారు. భాగహారంలో తప్పుందా?"

"భాగహారంలో లేదు సార్."

అంతటితో ఆగిపోయింది. నిండిన డిస్కు నెమ్మదిస్తుందని ఆమెకు తెలియక కాదు. ఖాళీగా ఉన్నప్పుడు అది కొంత చోటును చిత్తుపుస్తకంలా వాడుకుని గబగబా రాసేస్తుంది. చిత్తుపుస్తకం నిండాక సర్దుకుంటూ రాయాలి, అప్పుడు ఈడుపు మొదలవుతుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు. అయితే అది తన గది గుమ్మం బయట జరిగే వ్యవహారం అనుకుంది ఇన్నాళ్ళూ. తన పని కొలవడం. నిండిన డిస్కును కొలిచిపెట్టమని పదహారేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

వెళ్తూ వెళ్తూ వకీలు గుమ్మం దగ్గర ఆగాడు.

"రోజూ చేసినట్టే," అన్నాడు మళ్ళీ.

మంగళవారం కమిషన్ గది ఆమె ఊహించినంత భయంకరంగా ఏమీ లేదు. మూడో అంతస్తు, నాలుగు బల్లలు, కిర్రుకిర్రుమనే ఫ్యాను, గోడకు పెద్ద గడియారం. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని అధ్యక్షురాలు కాగితాలు తిరగేస్తోంది. పరీక్షపెట్టెను బల్లమీద పెట్టి తీగలు తగిలిస్తుంటే తక్కెడ చేతులు వణకలేదు. పని దొరికితే వాటికి ధైర్యం వస్తుంది.

వీడియో ఆయనకు వకీలు లేడు. యాభై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. ఏళ్ళ తరబడి కెమెరా పట్టీ రాసుకుని చొక్కా కుడిభుజం దగ్గర వెలిసిపోయింది. లేచి నిలబడి, ఎవరికో క్షమాపణ చెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

"ఒక డాన్సు బడి పిల్లల ప్రదర్శన మేడమ్. నలభై మంది పిల్లలు, ఏడాది సాధన, ఒకే ఒక్క ఆట. మూడు కెమెరాలు ఈ డిస్కుకే కలిపాను. నాకు సెకనుకు నాలుగు వందలు చాలు. పెట్టెమీద మూడువేలని ఉంది కదా అని గుండెమీద చెయ్యేసుకుని కూర్చున్నాను. అప్పటికే డిస్కులో ముప్పాతిక నిండా పాత పనులున్నాయి. మూడో పాట దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఒక పిల్ల ఎగిరింది మేడమ్. ఎగిరింది, అంతే. తర్వాత ఏమీ లేదు. ఇంటికెళ్ళి ఎన్నిసార్లు చూసినా ఆ పిల్ల గాల్లోనే ఉంది."

"మీరు కోరేదేమిటి?" అంది అధ్యక్షురాలు.

"ఆ బడి టీచరు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 'పెద్దవాళ్ళయ్యారు, చెయ్యి ఆగడం లేదేమో' అంది. ఆ మాట ఊరంతా పాకింది. ముప్పై ఏళ్ళ పని మేడమ్ నాది. పరిహారం రాసినా రాయకపోయినా నేనేమీ అనుకోను. తప్పు నా చేతిది కాదని ఒక్క ముక్క రాసివ్వండి."

వకీలు చిన్నగా నవ్వాడు. గుమాస్తా లక్కముద్ర వేసిన కవరు పట్టుకొచ్చి ఉత్తర్వు చదివాడు. ఫిర్యాదీ డిస్కును అందులో ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, కమిషన్ ఎదుట, కంపెనీ నిపుణురాలే పరీక్షించాలి.

తక్కెడ విన్నది. తల కూడా ఊపింది. కవరు చింపి డిస్కును చూపుడువేలూ బొటనవేలూ మధ్య పట్టుకుని, అంచున ఉన్న బంగారు రంగు పళ్ళమీద ధూళి ఉందేమోనని వెలుగుకు పెట్టి చూసింది. మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచింది. గాడిలో పెట్టి కిందికి వంచి మర బిగించింది. అందరూ తననే చూస్తున్నారు. వకీలు అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె మీటలమీద చేతులు పెట్టింది.

"పది నిమిషాలు ఆగాలి మేడమ్," అంది.

అధ్యక్షురాలు తల ఊపి వేరే కాగితాలు తీసింది. ఫ్యాను కిర్రుకిర్రుమంది. వీడియో ఆయన బెంచీ అంచున కూర్చుని గడియారం వంక, తెర వంక మార్చి మార్చి చూశాడు. పెద్ద యంత్రాలకు వేడెక్కే టైము కావాలి కాబోలు అనుకున్నట్టున్నాడు, ఏమీ అడగలేదు.

పది నిమిషాలయ్యాక ఆమె పరుగు మొదలుపెట్టింది. నిమిషం తిరిగేసరికి తెరమీద అంకె నిలబడింది. 3012.

వీడియో ఆయన లేచొచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, తెరకు జానెడు దూరంలో వంగి చూశాడు. తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరేమైనా అడగాలా?" అంది అధ్యక్షురాలు.

"ఏమడగను మేడమ్? కళ్ళముందే పరిగెత్తింది." తన కుడిచేతిని ఎత్తి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పి చూసుకున్నాడు. "అయితే ఆ టీచరమ్మ అన్నదే నిజమేమో."

ఉత్తర్వులు రేపు అని చెప్పి అధ్యక్షురాలు ఆ ఫైలు మూసింది.

వరండాలో బెంచీమీద కూర్చుని తక్కెడ కొలతల పుస్తకం తెరిచింది. ఎంత తొందరున్నా ఆనాటి కొలత ఆనాడే రాయాలి. తేదీ వేసింది. డిస్కు నంబరు రాసింది. మూడో గడి 'సిద్ధం'. అక్కడ ఎప్పుడూ రాసే మాటలే కలం దానంతటది రాసేసింది. కడిగాను, పది నిమిషాలు ఆగాను.

రాసిన మాటను చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. ఉన్నది ఉన్నట్టుగా అన్నారు. తను తల ఊపింది. తల ఊపిన మనిషి వేళ్ళే మూడు మీటలు నొక్కాయి. ముప్పాతిక నిండిన ఆ డిస్కును ఖాళీ చేసి, విశ్రాంతి ఇచ్చి, కొత్తదానిలా పరిగెత్తించింది తను. గాల్లో ఆగిన ఆ పిల్ల లేదు. ఆ పెద్దమనిషికున్న సాక్ష్యం అదొక్కటే, అదీ లేదు. తల ఎత్తి చూసేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

మేనేజరుకు ఫోను చేసింది.

"సార్, తప్పు జరిగింది. నేను డిస్కు కడిగేశాను. కడగొద్దని ఉత్తర్వులో ఉంది."

"ఎవరైనా చూశారా?"

"చూసినా వాళ్ళకేం తెలుస్తుంది సార్?"

"మరింకేం? నియమం ప్రకారం చేశారు. ఆ నియమం రాసింది మీరే కదా."

"రేపు చెప్పేస్తాను సార్."

మేనేజరు చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్తున్నట్టు చెప్పాడు. "చెప్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. సాక్ష్యం చెరిపేసిన మనిషి మీరవుతారు, కంపెనీ కాదు. మేము కడగమని చెప్పామా? పదహారేళ్ళ చెయ్యి అది. మీటలమీద పెడితే ఏం చేస్తుందో తెలియకనా మిమ్మల్ని పంపింది?"

ఆ ఆఖరి మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఫోను పెట్టేశాక గాని అర్థం కాలేదు. రోజూ చేసినట్టే అని వకీలు రెండుసార్లు ఎందుకన్నాడో, తను మీటలు నొక్కుతుంటే అటు తిరిగి ఎందుకు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. దొంగపని చెయ్యమంటే చెయ్యదని తెలిసి, నిక్కచ్చితనాన్నే దొంగపనికి వాడుకున్నారు.

ఇంట్లో భర్త ముందుగదిలో బట్టలు కుడతాడు. ఆమె వెళ్ళేసరికి కొత్త గుడ్డ తాను ఒకటి బకెట్లో ముంచి పిండుతున్నాడు. మూల స్టూలుమీద అత్తగారు కాజాలు కుడుతోంది. ఆవిడ చూపు తగ్గిందే గాని నోరు తగ్గలేదు.

"ఏమైందే, మొహం అలా పెట్టావు? కోర్టువాళ్ళు కొట్టారా ఏమిటి?" అంది.

తక్కెడ కింద కూర్చుని జరిగింది చెప్పింది. ఏదీ దాచలేదు. భర్త తడిబట్టను దండెంమీద ఆరేసి, అంచులు సరిచేస్తూ విన్నాడు.

"మీరేం చేస్తారు నా చోట ఉంటే?"

"నన్నడుగుతావేంటి? నాకు కంప్యూటర్ ఆపడం కూడా రాదు." ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నాకు తెలిసింది ఒక్కటే. కొత్త గుడ్డను అలాగే కొలిచి కుడితే నా దుకాణంలో చక్కగా సరిపోతుంది. ఇంటికెళ్ళి ఒక్కసారి ఉతుక్కున్నారంటే చంకల్లో పట్టేస్తుంది. అందుకే తడిపి, ఆరబెట్టి, అప్పుడు కొలుస్తాను. తొడుక్కునేది వాళ్ళు కదా."

"ఉద్యోగం పోతుందేమో."

"పోతుందేమో," అన్నాడు ఆయన. కాదని ధైర్యం చెప్పలేదు. ఆమెకు అదే నచ్చింది.

అత్తగారు దారం పళ్ళతో తెంపింది. "ఆ ముసలాయన చెయ్యి పడిపోయిందని ఊరంతా అనుకుంటున్నారా? నా చెయ్యి గురించి ఎవరైనా అలా అంటే వాడి ఇంటిముందు కూర్చుని మరీ కాజాలు కుట్టి చూపిస్తాను. ముందు లేచి రెండు ముద్దలు తిను. ఖాళీ కడుపుతో గట్టి నిర్ణయాలు చెయ్యకూడదు."

బుధవారం ఆమె పరీక్షపెట్టెను తనే మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కింది. వకీలు ఎదురొచ్చాడు.

"ఇవాళ మీ పనేం లేదమ్మా. ఇదెందుకు తెచ్చారు?"

"అడగనిదానికి దగ్గొద్దన్నారు కదా సార్," అంది. "దగ్గొచ్చింది."

అధ్యక్షురాలు కూర్చోగానే ఆమె లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"మేడమ్, నిన్న నేను తప్పు చేశాను. డిస్కును కొలిచే ముందు కడిగేశాను."

"కడగడమంటే?"

చెప్పింది. మూడు మీటలు, పది నిమిషాలు, ఒక్క నిమిషం పరుగు. అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఉన్నది ఉన్నట్టుగా అని మీ ముందే చదివారు. ఎందుకు చేశారు?"

"కావాలని కాదు మేడమ్. చేతికి అలవాటు. పదహారేళ్ళుగా అంతే."

"కడగమని ఎవరైనా చెప్పారా?"

వకీలు కుర్చీలో ముందుకు జరిగాడు. తెలిసే తనను పంపారన్న మాట తక్కెడకు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొలవనిది రాయడం ఆమెకు చేతకాదు.

"రోజూ చేసినట్టే చెయ్యమన్నారు. కడగమని ఎవరూ అనలేదు. తప్పు నా చేతిదే."

వీడియో ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు.

"అంటే నిన్నటి అంకె అబద్ధమా?" అంది అధ్యక్షురాలు.

"నిజమే మేడమ్. కడిగిన డిస్కుకి నిజం. ఇళ్ళల్లో ఎవరూ కడిగి వాడుకోరు."

అప్పటికి వకీలు లేచాడు. గొంతులో కంగారు లేదు, అనుభవం ఉన్నవాడు. "సంతోషం మేడమ్, ఈవిడ తప్పు ఒప్పుకుంది. ఆ సంగతి కంపెనీ చూసుకుంటుంది. కానీ ఫిర్యాదీ సాక్ష్యం ఇప్పుడు లేదు. అది నెమ్మదించిందనడానికి ఆధారమేముంది? ఈవిడ మాట తప్ప? కేసు కొట్టెయ్యాలి."

చట్టం చూస్తే ఆ మాట సరిగ్గానే ఉంది. అధ్యక్షురాలు నుదురు రుద్దుకుంది. వీడియో ఆయన మళ్ళీ తల దించుకున్నాడు.

"మేడమ్," అంది తక్కెడ. "పాత బొమ్మలు నేను తీసుకురాలేను. డిస్కు మాత్రం ఉంది. అట్టపెట్టె మీద రెండో మాట కూడా ఉంది కదా, మొత్తం అయిదున్నర నిమిషాల్లో నిండుతుందని. అది ఇంతవరకు ఎవరూ కొలవలేదు. నేనూ కొలవలేదు. ఖాళీగానే ఉంది, కంపెనీకి ఎలా కావాలో అలాగే. నింపి చూద్దాం. ఏ చెత్త రాసినా సరిపోతుంది, ఈ పెట్టే రాస్తుంది."

అధ్యక్షురాలు వకీలు వైపు తిరిగింది. "మీవాళ్ళు అచ్చువేసుకున్న మాటే. అభ్యంతరమా?"

వకీలు తన కాగితాలు ఒకసారి తిరగేశాడు. "అభ్యంతరం ఏముంటుంది మేడమ్," అన్నాడు చివరికి.

గుమాస్తా తెచ్చిచ్చిన డిస్కును ఆమె బిగించింది. ఈసారి ప్రతి మీటకూ ముందు ఆగి, ఏం నొక్కుతోందో బయటికి చెప్పి నొక్కింది. గుమాస్తా గడియారం చూసి కాగితంమీద టైము రాసుకున్నాడు. పదీ నలభై.

మొదటి నిమిషం డిస్కు దూసుకుపోయింది. పద్దెనిమిది శాతం. వకీలు వెనక్కి వాలి కాలుమీద కాలు వేసుకున్నాడు. తక్కెడ తెరమీదినుంచి చూపు తిప్పలేదు. డిస్కు సంగతి ఆమెకు తెలుసు, అయినా కొలిచేదాకా తెలిసినట్టు కాదు. ఇంకో అయిదు సెకన్లకు తెరమీద మూడువేలు కాస్తా నూట నలభైకి పడిపోయింది. అక్కడినుంచి లేవలేదు.

పదీ నలభై అయిదు దాటి అరనిమిషం అయింది. ఇరవై మూడు శాతం.

గోడమీద గడియారం అందరికీ కనిపిస్తోంది. అధ్యక్షురాలు కాసేపు దాన్నే చూసి, వేరే ఫైలు తెరిచింది. ఆ ఫైలు అయింది, ఇంకొకటి అయింది. తక్కెడ ఫోను బల్లమీద గుర్రుగుర్రుమంటూ తిరిగింది. మేనేజరు. ఆమె దాన్ని బోర్లించి పెట్టింది.

పదకొండూ ఇరవైకి వకీలు లేచాడు. "మేడమ్, కమిషన్ సమయం వృథా అవుతోంది. దీన్ని ఇక్కడితో ఆపించవచ్చు."

"ఎంతయింది?" అంది అధ్యక్షురాలు.

"యాభై రెండు శాతం మేడమ్," అంది తక్కెడ.

"నిండనివ్వండి. నాకేం తొందర లేదు." ఆవిడ గుమాస్తాకు చెయ్యి ఊపింది. "ఈలోగా రాసుకోండి. ఫిర్యాదీ పనితనంలో లోపం లేదు. ఈ మాట ముందు రాయండి. మిగతాది నిండాక చెప్తాను."

గుమాస్తా కలం కదిలిన చప్పుడు వినపడింది. వీడియో ఆయన లేచి, గదికి అడ్డంగా నడిచొచ్చి, తక్కెడ బెంచీమీద రెండో చివర కూర్చున్నాడు. కుడిచెయ్యి మోకాలిమీద పెట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ తెరనే చూశారు.

"ఆ పిల్ల పోయినట్టేనా అమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆమె ఆయన వైపు తిరిగింది. "పోయిందండీ. నా చేతులతోనే చెరిపాను. క్షమించండి."

ఆయన మోకాలిమీది చేతిని తిప్పి చూసుకున్నాడు.

"పోన్లే అమ్మా," అన్నాడు. "ఇన్నాళ్ళకు కిందికి దిగింది."

తక్కెడ కళ్ళు తుడుచుకుని కొలతల పుస్తకం తెరిచింది. డిస్కు నంబరు వేసి, మూడో గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇవాళ కడగలేదు అని రాసి, గడియారం చూసి టైము వేసింది.